తూచుకోవచ్చు, పైకి చెప్పకూడదు

ఒక నవల కొన్నారనుకోండి. లోపలి పేజీలో, వెల పక్కనే, చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది: ప్రచురణకర్త రాతపూర్వక అనుమతి లేకుండా ఈ పుస్తకం మీద మీ అభిప్రాయాన్ని ఎక్కడా అచ్చు వేయకూడదు. చదువుకోవచ్చు. నచ్చకపోతే అటక మీద పడేయొచ్చు. బాగాలేదని ఇంట్లోవాళ్లతో చెప్పుకోవచ్చు. సమీక్ష మాత్రం రాయకూడదు. ఇలాంటి షరతే ఉంటే మీరిప్పుడు చదువుతున్న ఈ పత్రిక పుట్టేదే కాదు.

పుస్తకాల లోకంలో ఇది నవ్వులాటగా కనిపిస్తుంది. డేటాబేస్‌ల లోకంలో దశాబ్దాలుగా నడుస్తున్న వ్యవహారం. బ్యాంకు ఖాతాలు, టికెట్లు, ఆస్పత్రి రికార్డులు దాచిపెట్టే వాణిజ్య సాఫ్ట్‌వేర్‌లలో పేరున్న కొన్నిటి లైసెన్సుల్లో, వేగం కొలిచి వచ్చిన అంకెల్ని మా అనుమతి లేకుండా బయటపెట్టకూడదు అనే వాక్యం ఉంటుంది. దానికి 'డెవిట్ క్లాజు' అని పేరు. డెవిట్ అనేది మనిషి పేరు. ఆ వాక్యం రాసింది ఆయన కాదు, ఆయన నోరు మూయించడానికి పుట్టిన వాక్యం అది.

నేను చేసేది డేటాబేస్‌ల ఉద్యోగమే. "రద్దీ పెరిగితే ఓపెన్ సోర్స్ తట్టుకుంటుందా, డబ్బు పోసి కొన్నదే తట్టుకుంటుందా?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. జవాబు కోసం పాత కాగితాలు తిరగేస్తే, ఏది వేగం అన్న ప్రశ్న కింద మరో ప్రశ్న కనిపించింది. ఏది వేగమో చెప్పే హక్కు ఎవరిది? ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న చరిత్ర.

*

1983లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డీనా బిటన్, డేవిడ్ డెవిట్, కారొలిన్ టర్బీఫిల్ అనే ముగ్గురు కలిసి ఒక పరిశోధన పత్రం వెలువరించారు. రిలేషనల్ డేటాబేస్‌లు అప్పుడప్పుడే మార్కెట్లోకి వస్తున్నాయి. ప్రతి కంపెనీ తమదే వేగం అంటోంది. ఈ ముగ్గురూ పది వేల వరుసలున్న పట్టికలు తయారుచేసి, ఒకే రకం ప్రశ్నల్ని అన్ని డేటాబేస్‌లకూ వేసి, ఎవరికి ఎంతసేపు పట్టిందో పేర్లతో సహా అచ్చు వేశారు. ఇదే విస్కాన్సిన్ బెంచ్‌మార్క్.

గమనించాల్సిన సంగతి ఏంటంటే, ఓపెన్ సోర్స్ అన్న మాట ఇంకా పుట్టని ఆ రోజుల్లోనే ఈ పోటీలో రెండు పక్షాలూ ఉన్నాయి. బర్కిలీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ బృందం రాసి సోర్స్ కోడ్‌తో సహా పంచిపెట్టిన యూనివర్సిటీ ఇంగ్రెస్ ఒక పక్క. అదే ఇంగ్రెస్‌ని మెరుగుపరిచి కంపెనీ అమ్మిన వాణిజ్య ఇంగ్రెస్, దానితోపాటు ఒరాకిల్ వగైరా ఇంకో పక్క. వాణిజ్య ఇంగ్రెస్ తన యూనివర్సిటీ తోబుట్టువు కన్నా బాగా వేగంగా వచ్చింది. అంటే, డబ్బు పెట్టి మెరుగుపరిస్తే ఫలితం ఉంటుందన్నమాట. కానీ అందరూ గుర్తుపెట్టుకున్నది అది కాదు. ఇండెక్సులు లేకుండా రెండు పట్టికల్ని జత కలపమన్న ప్రశ్నల్లో వాణిజ్య ఇంగ్రెస్‌కి నిమిషాలు పట్టింది, ఒరాకిల్‌కి 5 గంటలు దాటినా ముగియలేదు.

కారణంలో రహస్యమేమీ లేదు. మీ దగ్గర శుభలేఖలు పంచిన జాబితా ఒకటి, చదివింపుల పుస్తకం ఒకటి ఉన్నాయి. రెండూ పోల్చాలి. శుభలేఖల జాబితాలో ఒక్కో పేరుకీ చదివింపుల పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా వెతకడం ఒక పద్ధతి. రెండిటినీ అక్షరక్రమంలో పెట్టుకుని పక్కపక్కనే నడిపించడం ఇంకో పద్ధతి. ఒరాకిల్‌కి అప్పటికి మొదటి పద్ధతే వచ్చు. చేతకానితనం కాదు, ఇంకా నేర్చుకోలేదు, అంతే.

పత్రం బయటికొచ్చాక ఒరాకిల్ అధిపతి లారీ ఎలిసన్ విశ్వవిద్యాలయంలో విభాగాధిపతికి ఫోన్ చేసి డెవిట్‌ని ఉద్యోగంలోంచి తీసెయ్యమన్నాడని డెవిట్ తర్వాతి రోజుల్లో చెప్పాడు. ఉద్యోగం పోలేదు. బదులుగా లైసెన్సులో ఆ వాక్యం వచ్చింది. ఒరాకిల్‌తో మొదలై మరికొన్ని కంపెనీల లైసెన్సుల్లోకీ పాకింది. ఒరాకిల్ తన జత కలిపే పద్ధతినీ తర్వాత బాగుచేసుకుంది. విమర్శ పనికొచ్చిందని అది తీసుకున్నాక కూడా, విమర్శించకూడదన్న షరతు ఉండిపోయింది.

*

విస్కాన్సిన్ పరీక్షలో ఒక లోటుంది. యంత్రం మీద ఒక్కరే కూర్చుని ఒక్కో ప్రశ్నా అడిగారు. అసలు కష్టం అక్కడ లేదు. ఒక్క అతిథికి విస్తరేసి వడ్డించడం ఎవరికైనా వస్తుంది. ఐదువందల మంది బంతిలో కూర్చున్నప్పుడు తెలుస్తుంది వంటవాడి సత్తా. పప్పు ఎంత రుచిగా ఉన్నా, గరిటె ఒకటే అయితే వడ్డించేవాళ్లు దాని కోసం ఎదురుచూస్తూ నిలబడతారు. డేటాబేస్‌లోనూ అంతే. ఒకే ఖాతా మీద ఇద్దరు ఒకేసారి చెయ్యి వేయకుండా తాళాలు ఉంటాయి. మనుషులు పెరిగేకొద్దీ పని కన్నా తాళం కోసం నిరీక్షణే ఎక్కువవుతుంది. రద్దీలో డేటాబేస్ నెమ్మదించింది అంటే చాలాసార్లు అర్థం ఇదే.

ఈ బంతి పరీక్షకి ఒక రూపం ఇచ్చిన పత్రం 1985 ఏప్రిల్ 1న డేటామేషన్ అనే పత్రికలో వచ్చింది. రచయిత పేరు ఉండాల్సిన చోట 'అనామకుడు, తదితరులు' అని ఉంది. ఏప్రిల్ ఒకటో తారీకు కాబట్టి హాస్యం అనుకోవచ్చు. కాదు. ట్యాండెం కంప్యూటర్స్‌లో పనిచేస్తున్న జిమ్ గ్రే, వేర్వేరు కంపెనీల్లో, విశ్వవిద్యాలయాల్లో ఉన్న ఇరవైమందికి పైగా మిత్రులకి చిత్తుప్రతి పంపి, సూచనలు తీసుకుని రాసిన పత్రం అది. ఇన్ని కంపెనీల మనుషులు పేర్లు పెట్టుకుంటే ఇంతమంది లాయర్లు లేస్తారు. అందుకని ఎవరి పేరూ పెట్టలేదు. ఒక అంకెని ఎలా కొలవాలో చెప్పడానికి కూడా మారుపేరు కావలసిన కాలం.

అందులో ఒక ఊహా బ్యాంకు ఉంది. వెయ్యి బ్రాంచీలు, పది వేలమంది టెల్లర్లు, కోటి ఖాతాలు. సెకనుకి వంద లావాదేవీలు. ప్రతి లావాదేవీలో ఖాతా నిలవ, టెల్లర్ నిలవ, బ్రాంచి నిలవ మారాలి, చిట్టాలో ఒక పద్దు పడాలి. నూటికి తొంభైఐదు లావాదేవీలు సెకనులోపే ముగియాలి. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు, వేగం చెప్పేవాడు ధర కూడా చెప్పాలి. సెకనుకి ఒక్క లావాదేవీకి ఎన్ని డాలర్లు పడింది?

కంపెనీలు ఈ లెక్కని వెంటనే అందుకున్నాయి, తమకి అనుకూలంగా. ఎవరికి కావాల్సినట్టు వాళ్లు నిబంధనలు వదులు చేసుకుని అంకెలు ప్రకటించడం మొదలుపెట్టారు. ఆ గందరగోళాన్ని అదుపు చేయడానికి 1988లో ఓమ్రీ సెర్లిన్ ఎనిమిది కంపెనీల్ని కూర్చోబెట్టి టీపీసీ అనే మండలి పెట్టాడు. మరుసటి ఏడాది టీపీసీ-ఎ, 1992లో టీపీసీ-సి వచ్చాయి. ఆడిటర్లు వచ్చారు. పరీక్ష ఎలా చేశారో పూర్తి వివరాలతో నివేదిక ఇవ్వాలన్నారు.

ఇంత చేసినా సందు దొరికింది. 1993లో స్టాండిష్ గ్రూప్ అనే సలహా సంస్థ, ఒరాకిల్ తన ఉత్పత్తిలో 'డిస్క్రీట్ ట్రాన్సాక్షన్స్' అనే సదుపాయాన్ని టీపీసీ-ఎ అంకె పెంచుకోవడానికే పెట్టిందని, మామూలు ఖాతాదారుకి దానితో పనిలేదని ఆరోపించింది. ఒరాకిల్ గట్టిగా ఖండించింది. నిబంధనలో ఉన్న అక్షరం ప్రకారమే చేశామంది. అదీ నిజమే. చివరికి పరీక్ష కోసమే తయారుచేసిన సదుపాయాలు వాడకూడదని టీపీసీ కొత్త నిబంధన చేర్చుకోవాల్సి వచ్చింది. పరీక్షల కోసమే చదివే చదువు గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

*

తొంభైల నడుమ సీన్ మారింది. 1995లో స్వీడన్ నుంచి మైఎస్క్యూఎల్ వచ్చింది. బర్కిలీలో స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టి వదిలేసిన పోస్ట్‌గ్రెస్‌ని ఇద్దరు విద్యార్థులు, ఆండ్రూ యూ, జాలీ చెన్, ఎస్క్యూఎల్ నేర్పి బయటికి వదిలారు. 1996లో దాని పేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అయింది. ఉచితమే, కానీ నిజమైన రద్దీ వస్తే? ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే పెద్దవాళ్ల పక్కన నిలబెట్టి తూచాలి. పెద్దవాళ్లు తూకానికి రామంటారు.

2000 ఆగస్టులో గ్రేట్ బ్రిడ్జ్ అనే అమెరికన్ కంపెనీ ఆ పని చేసింది. పోస్ట్‌గ్రెస్‌కి సపోర్ట్ అమ్ముకునే కంపెనీ అది, కాబట్టి తటస్థురాలేమీ కాదు. పోస్ట్‌గ్రెస్‌ని, మార్కెట్లో ముందున్న రెండు వాణిజ్య డేటాబేస్‌లని పక్కపక్కన పరిగెత్తించి, పోస్ట్‌గ్రెస్ సమంగానో ముందుగానో ఉందని గ్రాఫులు వేసింది. ఆ గ్రాఫుల్లో ప్రత్యర్థుల పేర్లు లేవు. 'ప్రొప్రయిటరీ 1', 'ప్రొప్రయిటరీ 2'. లైసెన్సు ఒప్పుకోదు మరి. వాడిన పరీక్షల్లో ఒకటి ఏఎస్3ఏపీ. దాన్ని తయారుచేసినవాళ్లలో బిటన్, టర్బీఫిల్ ఉన్నారు, 1983 పత్రం రాసినవాళ్లే. పదిహేడేళ్ల తర్వాత వాళ్ల కొలబద్దే మళ్లీ బయటికొచ్చింది, ఈసారి పేర్ల మీద ముసుగులతో.

పరీక్ష పద్ధతి మీద అభ్యంతరాలు వచ్చాయి. అందరినీ ఒకే మామూలు ఓడీబీసీ దారిలో నడిపించారని, ఆ దారి వాణిజ్య ఉత్పత్తులకి న్యాయం చేయదని. ఆ మాటలో బలం ఉంది. కానీ వాణిజ్య కంపెనీ తన నిపుణులతో అదే పరీక్ష మళ్లీ చేసి చూపించి ఉంటే చర్చ అక్కడితో తేలేది. పేరే చెప్పకూడనప్పుడు తప్పని నిరూపించడం కూడా కుదరదు. ఈ షరతుతో వచ్చే నష్టం ఇదే. అది అబద్ధాన్నీ కాపాడుతుంది, నిజాన్నీ పాతిపెడుతుంది.

2002 ఫిబ్రవరిలో ఈవీక్ పత్రిక పేర్లతో సహా పరీక్ష ఫలితాలు వేసింది. ఒరాకిల్ 9ఐ, డీబీ2, ఎస్క్యూఎల్ సర్వర్, సైబేస్, వీటి సరసన మైఎస్క్యూఎల్. ఒక ఊహా పుస్తకాల దుకాణం వెబ్‌సైట్ మీద రద్దీ పెంచుతూ పోతే, ఒరాకిల్, మైఎస్క్యూఎల్ రెండూ దాదాపు సమానంగా పైన నిలిచాయి. ఓపెన్ సోర్స్ అభిమానులు పండగ చేసుకున్నారు. అయితే అదే వ్యాసంలో ఇంకో మాట ఉంది. మైఎస్క్యూఎల్ వేగానికి ముఖ్య కారణం అప్పుడే కొత్తగా పెట్టిన క్వెరీ క్యాష్. అది తీసేస్తే వేగం మూడింట ఒక వంతుకి పడిపోయింది.

క్వెరీ క్యాష్ అంటే, ఒకసారి అడిగిన ప్రశ్నకి జవాబుని గుర్తుపెట్టుకుని, అదే ప్రశ్న మళ్లీ వస్తే వెతక్కుండా అందించడం. చదివేవాళ్లు ఎక్కువ, రాసేవాళ్లు తక్కువ ఉన్నచోట అద్భుతం. కానీ ఆ జ్ఞాపకాల గదికి తాళం ఒక్కటే. ప్రాసెసర్లో కోర్లు రెండు నుంచి ముప్ఫైరెండుకి పెరిగేసరికి అందరూ ఆ తాళం దగ్గర క్యూ కట్టారు. పట్టికలో ఒక్క వరుస మారినా ఆ పట్టికకి సంబంధించిన జవాబులన్నీ పారేయాలి. 2002లో గెలిపించిన సదుపాయాన్ని 2018లో వచ్చిన మైఎస్క్యూఎల్ 8.0లో పూర్తిగా తీసేశారు. రద్దీలో అదే అడ్డు అని. అప్పటికి మైఎస్క్యూఎల్ సొంతదారు ఎవరో కాదు, ఒరాకిల్. 2008లో సన్ కంపెనీ మైఎస్క్యూఎల్‌ని కొంది, 2010లో ఒరాకిల్ సన్‌ని కొంది.

ఈవీక్ ఫలితాలు వచ్చిన నెలలోనే న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ ఇంకో సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద కోర్టుకెక్కాడు. నెట్‌వర్క్ అసోసియేట్స్ అనే ఆ కంపెనీ, అనుమతి లేకుండా సమీక్షలు, పరీక్ష ఫలితాలు ప్రచురించకూడదని తన ఉత్పత్తుల మీద రాసుకుంది. ఒక పత్రిక తన ఫైర్‌వాల్‌ని విమర్శిస్తే ఆ షరతు చూపించి అభ్యంతరపెట్టింది. 2003 జనవరిలో కోర్టు స్పిట్జర్ పక్షానే తీర్పిచ్చింది. కానీ ఆ తీర్పు డేటాబేస్ లైసెన్సుల దాకా రాలేదు.

*

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. రద్దీలో ఎవరు గెలిచారు?

ఒక్క మాటలో చెప్పలేం. 2010లో ఒరాకిల్ ప్రకటించిన టీపీసీ-సి ఫలితం నిమిషానికి 3 కోట్ల 2 లక్షల లావాదేవీలు దాటింది. ఆ వ్యవస్థ ఖరీదు 3 కోట్ల డాలర్ల పైమాటే. ఓపెన్ సోర్స్ వైపు నుంచి ఆ స్థాయి అంకె లేదు. అంత యంత్రాంగం కొని, ఆడిట్ చేయించే స్తోమత ఎవరికుంది? 2007లో సన్ తన యంత్రాల మీద పోస్ట్‌గ్రెస్ 8.2తో స్పెక్ సంస్థ పరీక్షలో 778.14 అనే అంకె తెచ్చి అధికారిక జాబితాలో పెట్టించినప్పుడు, ఆ అంకె కన్నా జాబితాలో ఆ పేరు ఉండటమే వార్త అయింది.

నాకు ముఖ్యంగా కనిపించేది ఆ తర్వాతి పదిహేనేళ్లు. ఓపెన్ సోర్స్ డేటాబేస్‌ల ఓటములన్నీ బహిరంగంగా జరిగాయి. పోస్ట్‌గ్రెస్‌లో కోర్లు పెరిగినా వేగం పెరగడం లేదని తేలితే, ఏ తాళం దగ్గర ఆగుతోందో కొలిచి, అందరూ చదవగలిగే చోట వాదించుకుని, 2012లో వచ్చిన 9.2లో చదివే ప్రశ్నల వేగం 64 కోర్ల దాకా పెరిగేట్టు చేశారు. 2016లో ఊబర్ ఇంజినీర్లు పోస్ట్‌గ్రెస్ వదిలి మైఎస్క్యూఎల్‌కి ఎందుకు మారామో పేరుపెట్టి రాశారు. ఒక వరుస మార్చితే పోస్ట్‌గ్రెస్ కొత్త ప్రతి రాస్తుందని, దాంతో ఇండెక్సులన్నిటినీ ముట్టుకోవాల్సి వస్తుందని. కొన్ని ఆరోపణల్ని పోస్ట్‌గ్రెస్ వాళ్లు ఒప్పుకున్నారు, కొన్నిటికి జవాబిచ్చారు.

2021లో గిట్‌ల్యాబ్ తన సైట్ మధ్యమధ్యలో ఎందుకు మందగిస్తోందో నెలల తరబడి వెతికి, పెద్ద లావాదేవీ లోపల పెట్టుకునే చిన్న లావాదేవీలు కారణమని కనిపెట్టింది. పోస్ట్‌గ్రెస్ ఒక్కో కనెక్షన్‌కి అలాంటివి 64 మాత్రమే చేతికందేట్టు పెట్టుకుంటుంది. దాటితే వేరే చోట వెతకాలి, ఆ చోటు ఇరుకు. గిట్‌ల్యాబ్ ఇదంతా గ్రాఫులతో సహా ప్రచురించింది. 2024లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 17లో ఆ ఇరుకు చోటు పరిమాణాన్ని ఎవరికి వాళ్లు పెంచుకునే వీలు కల్పించారు.

ఇలాంటి ఇరుకులు వాణిజ్య డేటాబేస్‌లలో లేవని కాదు. ఉంటాయి, బాగుపడతాయి కూడా, చాలామంచి ఇంజినీర్లు ఉన్నారక్కడ. కానీ ఆ కథలు మనకి చేరవు. చేరినా 'ప్రొప్రయిటరీ 1' అన్న ముసుగుతో చేరతాయి.

దీని ఫలితం హైదరాబాద్‌లో చూశాం. రెండు వేల సంవత్సరం అటూఇటూగా అమీర్‌పేట గోడల మీద, మైత్రీవనం చుట్టుపక్కల బ్యానర్ల మీద ఒరాకిల్ అన్న పేరు సినిమా పోస్టర్లతో పోటీపడేది. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఇరుకు గదుల్లో ఉండి ఆ కోర్సు చేశారు, ఎందరో దాంతో సముద్రాలు దాటారు, ఇళ్లు నిలబెట్టారు. ఆ చదువు తప్పని నేననను. కానీ అది రద్దీకి తట్టుకుంటుందన్న నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చింది? కంపెనీ వదిలిన అంకెల నుంచి, పెద్ద బ్యాంకులు వాడుతున్నాయన్న మాట నుంచి. విడిగా తూచి చెప్పినవాడు లేడు. చెప్పకూడదు కాబట్టి లేడు.

నా అనుభవంలో ఒక ముక్క. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక సంస్థలో, వాడుతున్న వాణిజ్య డేటాబేస్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి మారాలా వద్దా అని మా సొంత లావాదేవీలతోనే రెండిటినీ తూచాం. ఫలితాల్లో సగం ఇక్కడ చెప్పగలను. వేల కనెక్షన్లు నేరుగా తగిలిస్తే పోస్ట్‌గ్రెస్ నలిగిపోయింది, ఎందుకంటే అది ప్రతి కనెక్షన్‌కీ విడిగా ఒక ప్రాసెస్ నడుపుతుంది. మధ్యలో పీజీబౌన్సర్ పెట్టి, కొద్ది కనెక్షన్లనే అందరికీ పంచితే కుదురుకుంది. రెండో సగం చెప్పకూడదు. నివేదిక బయటికి పోకూడదని లాయర్లు ముందే చెప్పారు. అలా పోస్ట్‌గ్రెస్ నలిగిందన్న సంగతి మీకు తెలిసింది. పక్కది ఎక్కడ నలిగిందో, అసలు నలిగిందో లేదో తెలియదు. ఇలాంటి సగం సగం నిజాలన్నీ పోగైతే, ఓపెన్ సోర్స్‌కే సమస్యలెక్కువ అన్న అభిప్రాయం దానంతటదే స్థిరపడుతుంది.

2015లో భారత ప్రభుత్వం తన కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కి ప్రాధాన్యమివ్వాలని విధానం ప్రకటించింది. అందులో ఖర్చు, స్వావలంబన గురించి మాట్లాడుకున్నాం. నేనైతే ఇంకో కారణం కలుపుతాను. ప్రజల డబ్బుతో నడిచే వ్యవస్థ పండగ రోజు కూలబడితే, ఎందుకు కూలబడిందో అంకెలతో అడిగే వీలుండాలి. డెవిట్ క్లాజు ఉన్నచోట ఆ అంకెలకి కంపెనీ అనుమతి కావాలి.

*

గీతలు ఇప్పుడు చెరిగిపోతున్నాయి. అమెజాన్ 2019లో దాదాపు 7,500 ఒరాకిల్ డేటాబేస్‌ల నుంచి 75 పెటాబైట్ల సమాచారాన్ని తరలించేశామని ప్రకటించింది. కానీ వెళ్లింది ఎక్కువగా తన సొంత సేవల్లోకే, వాటిలో కొన్ని పోస్ట్‌గ్రెస్ భాష మాట్లాడతాయి గానీ ఓపెన్ సోర్స్ కావు. చైనాలో యాంట్ ఫైనాన్షియల్ తయారుచేసిన ఓషన్‌బేస్ 2020లో టీపీసీ-సిలో నిమిషానికి 70 కోట్లు దాటింది, మరుసటి ఏడాది దాని సోర్స్ కోడ్ విడుదలైంది. 2021 చివర్లో డేటాబ్రిక్స్, స్నోఫ్లేక్ బహిరంగంగా అంకెల తగువు పెట్టుకుని, ఆ వేడిలో ఇద్దరూ తమ లైసెన్సుల్లోంచి డెవిట్ క్లాజు తీసేశారు. రెండు వాణిజ్య కంపెనీలే. అంటే ఆ షరతు లేకుండా కూడా వ్యాపారం చేసుకోవచ్చు.

డెవిట్ కథకి ఒక తోక ఉంది. 2008లో ఆయన మైక్రోసాఫ్ట్‌లో చేరి మ్యాడిసన్‌లో ఒక పరిశోధనశాల నడిపాడు. దాని పేరు జిమ్ గ్రే సిస్టమ్స్ ల్యాబ్. అంతకు ముందు ఏడాది జనవరిలో గ్రే ఒంటరిగా పడవలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి సముద్రంలోకి వెళ్లి తిరిగి రాలేదు. ఆయన జ్ఞాపకార్థం పెట్టిన పేరు అది. ఇక మైక్రోసాఫ్ట్ అమ్మే ఎస్క్యూఎల్ సర్వర్ లైసెన్సులో ఉండే షరతుల్లో ఒకటి, బెంచ్‌మార్క్ ఫలితాలు బయటపెట్టాలంటే ముందు రాతపూర్వక అనుమతి తీసుకోవాలని. తన పేరుతో పిలిచే షరతున్న సరుకునే డెవిట్ మెరుగుపరుస్తూ కూర్చున్నాడన్నమాట.

గ్రే ఊహించిన బ్యాంకు మాత్రం ఇంకా నడుస్తోంది. పోస్ట్‌గ్రెస్‌తోపాటు పీజీబెంచ్ అనే చిన్న పరీక్ష ఉచితంగా వస్తుంది. మొదట దాన్ని రాసింది జపాన్‌కి చెందిన తత్సువో ఇషీ. లోపల చూస్తే అదే బ్యాంకు, కాస్త చిన్నది. ఒక బ్రాంచి, పదిమంది టెల్లర్లు, లక్ష ఖాతాలు. బ్రాంచీల సంఖ్య మీ ఇష్టం. మీ ల్యాప్‌టాప్ మీద ఈ రాత్రే నడపొచ్చు. క్లయింట్ల సంఖ్య పెంచుతూ పోతే ఎక్కడో ఒకచోట వేగం పెరగడం ఆగి, తగ్గడం మొదలవుతుంది. ఆ అంకె బాగున్నా బాగాలేకున్నా, కింద మీ పేరు పెట్టుకుని ఎక్కడైనా వేసుకోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు.